నీటినుండి పుట్టు నిప్పు



నేను ముప్పది సంవత్సరములకు పైగా సముద్రతీరపు పల్లెలలో తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. వ్యాకరణము, ఛందస్సు నా విద్యలు. యంత్రములు నా విద్య కావు. అట్టివాడు ఉదజని కర్మాగారములను గూర్చి ప్రసంగింప సాహసించుటేమని మీకు సందేహము కలుగవచ్చును. నా పూర్వశిష్యు డొకడు వేసిన ప్రశ్నయే దీనికి కారణము.

మా ఊరి గ్రంథాలయపు అరుగుమీద ప్రతిదినము ఉదయమున నేను వార్తాపత్రిక చదువుదును. పదిమంది పెద్దలు కూర్చుండి విందురు. 2025 జనవరి 8వ తేదీని ప్రధానమంత్రి విశాఖపట్టణమునకు వచ్చి, అనకాపల్లి జిల్లా పూడిమడకలో నిర్మింపదలచిన హరిత ఉదజని కేంద్రమునకు శంకుస్థాపన చేసిరి. మరునాడు ఆ వార్త చదువుచుండగా, ఏబదియేండ్లు దాటిన నా శిష్యుడు, వేటకు పోయి వచ్చినవాడు, వల భుజముమీద నుండగనే నిలిచి వినెను. విని యిట్లడిగెను: “ఏటి మేస్టారూ, సముద్రంలో నీళ్ళు తోడి గేసు సేత్తారంట. నీళ్ళు నిప్పునార్పుతాయి గాని నిప్పెలాగవుతాయి? మరి మా వేట సంగతేటి?”

నాకు సమాధానము తెలియదు. తెలియదని చెప్పుటకు మారుగా, సముద్రగర్భమున బడబాగ్ని యున్నదని పురాణములు చెప్పుచున్నవనియు, మన పెద్దలకు ఈ రహస్యము ఎన్నడో తెలియుననియు పలికితిని. అరుగుమీది వారందరు సంతోషించి తల లూపిరి. వాడు మాత్రము ఊపలేదు. “అది కత గదా మేస్టారూ. నేనడిగింది మా ఊరి సంగతి” అని వెడలిపోయెను.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. తెలియనిదానిని తెలియదనుట సిగ్గు కాదని వేలమంది పిల్లలకు చెప్పినవాడను, నేనే ఆ పాఠము తప్పితిని. బడబాగ్ని కవులకు సొంపైన కల్పన. దానిని కర్మాగారమునకు సాక్ష్యముగా తెచ్చుట కవులకును న్యాయము కాదు, శాస్త్రమునకును న్యాయము కాదు. మరునాటినుండి, నాతో కలిసి పనిచేసిన భౌతికశాస్త్రపు ఉపాధ్యాయుని ఆశ్రయించి, ప్రభుత్వ ప్రకటనలు చదివి, నా వయస్సునకు తగినంత నేర్చుకొంటిని. నేర్చినదానిని నేడు మీ యెదుట పెట్టుచున్నాను.

మొదట ఉదజని యననేమి? నీటిలో రెండు వాయువులు కూడియున్నవి. ఒకటి మనము పీల్చు ప్రాణవాయువు, రెండవది ఉదజని. 1766లో ఇంగ్లండు దేశపు కేవెండిష్ అను శాస్త్రజ్ఞుడు దీనిని మండు గాలిగా వేరుపరచి గుర్తించెను. పిదప ఫ్రాన్సు దేశీయుడగు లవాజియే దానికి గ్రీకు మాటలతో “నీటిని పుట్టించునది” అను అర్థము వచ్చు పేరు పెట్టెను. మన తెలుగువారు దానినే ఉదజని అనిరి. పేరు సార్థకమే: ఉదజని మండినప్పుడు ప్రాణవాయువుతో కూడి మరల నీరగును. పొగ లేదు, మసి లేదు, బొగ్గుపులుసు వాయువు లేదు.

మండినప్పుడు నీరగునది గదా, నీటినుండి దానిని మరల విడదీయవచ్చునా? విడదీయవచ్చును. 1800లో నికల్సను, కార్లైలు అను ఇరువురు ఆంగ్లేయులు నీటిలోనికి విద్యుత్తు పంపగా, రెండు తీగెల యొద్దను రెండు వాయువుల బుడగలు లేచినవి. నేడు కోట్ల రూపాయల యంత్రములలో జరుగునది కూడ మూలమున ఆ పనియే. కాబట్టి నా శిష్యుని ప్రశ్నకు మొదటి సమాధానమిది: నీరు తనంతట నిప్పుగా మారదు. విద్యుత్తును వ్యయపరచి నీటిని విడదీసినచో, ఆ వ్యయపరచినదానిలో ఒక భాగము ఉదజనియందు దాగియుండును.

ఒక భాగమంటిని, ఈ మాటను మరువవలదు. ఒక కిలో ఉదజని చేయుటకు సుమారు 50 యూనిట్ల విద్యుత్తు పట్టును. ఆ కిలోను మండించి మనము వాడుకొనగలది సుమారు 33 యూనిట్ల శక్తి. పాలను కాచి, తోడుపెట్టి, చిలికి, వెన్న కాచినచో నెయ్యి కొంచెమే వచ్చునట్లు, మార్పు మార్పునకు నష్టమున్నది. తీగెద్వారా దీపము వెలుగుచుండగా, ఆ విద్యుత్తును ఉదజనిగా మార్చి మరల దీపము వెలిగించుట వివేకము కాదు. ఉదజని గనినుండి త్రవ్వు బొగ్గువంటిది కాదు. అది శక్తిని దాచు గాదెవంటిది. గాదెలో ధాన్యము పండదు. పొలమున పండినదే అందులో నుండును.

అట్లయిన ఈ శ్రమ యెందులకు? తీగెతో జరుగని పనులు కొన్ని కలవు గనుక. మన పొలములలో చల్లు యూరియాకు మూలము అమోనియా. అమోనియాకు కావలసినవి గాలిలోని నత్రజనియు, ఉదజనియు. పెట్రోలు శుద్ధిచేయు కర్మాగారములకును ఉదజని కావలెను. ముడిఇనుమునుండి ప్రాణవాయువును తొలగించు పనిలో బొగ్గుకు బదులుగ దీనిని వాడవచ్చును. మనదేశము ఏటా సుమారు 50 లక్షల టన్నుల ఉదజనిని ఇప్పటికే వాడుచున్నది. అయితే అది చాలవరకు సహజవాయువునుండి తీయబడుచున్నది. ఆ పద్ధతిలో కిలో ఉదజనికి తొమ్మిది పది కిలోల బొగ్గుపులుసు వాయువు ఆకాశమున కలియును. పైగా మనము వాడు సహజవాయువులో సుమారు సగము విదేశములనుండి కొని తెచ్చుకొనవలసినదే. దూరదేశమున యుద్ధము వచ్చినచో ఇచట ఎరువుల ధర పెరుగుట మీరెరుగనిది కాదు.

సూర్యరశ్మి, గాలి మొదలగువానినుండి పుట్టిన విద్యుత్తుతో చేసిన ఉదజనికి హరిత ఉదజని యని పేరు. పేరు పెట్టుకొన్నంత మాత్రమున చాలదు గనుక 2023 ఆగస్టులో భారత ప్రభుత్వము ఒక కొలత నిర్ణయించినది: కిలో ఉదజనికి 2 కిలోలకు మించి బొగ్గుపులుసు వాయువు వెలువడరాదు. అంతకు మించినచో దానిని హరిత మనరాదు.

ఇది క్రొత్త విద్య యని భ్రమపడవలదు. నార్వే దేశమున ర్యూకాన్ అను కొండలోయలో జలపాతపు విద్యుత్తుతో నీటిని విడదీసి 1929 మొదలు ఎరువులకై ఉదజని తీసిరి. మనదేశముననే పంజాబులోని నంగల్ ఎరువుల కర్మాగారము 1961లో భాక్రా ఆనకట్ట విద్యుత్తుతో ఇట్లే పని ప్రారంభించినది. తరువాత విద్యుత్తుకు గిరాకీ హెచ్చి, చమురు, సహజవాయువులతో చేయుట చౌకయగుటచే ఆ మార్గము వెనుకబడినది. ఇందు మనము నేర్వవలసిన నీతి ఒకటి కలదు: ఈ పరిశ్రమ నిలుచుటయు కూలుటయు విద్యుత్తు ధరమీద ఆధారపడియున్నది. నేడు సౌరవిద్యుత్తు చౌకయైనది గనుకనే పాతవిద్య మరల తలయెత్తినది.

2023 జనవరి 4వ తేదీని కేంద్ర మంత్రివర్గము జాతీయ హరిత ఉదజని పథకమును 19,744 కోట్ల రూపాయల వ్యయముతో ఆమోదించినది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల హరిత ఉదజని తయారుచేయు శక్తి సంపాదించుట దాని ఆశయము. ఈ పనిని దేశమంతట వెదజల్లక, కొన్ని తావులలో కేంద్రములుగా కూర్చవలెనని అందు నిర్ణయించిరి.

ఒకచో కూర్చుట యేల? అనకాపల్లి ప్రాంతమువారికి దీనిని బెల్లముతో చెప్పవచ్చును. చెరకురసము నిలువయుండదు, దూరమునకు పోదు. కనుక చెరకు నరికినచోటనే గానుగ ఆడి, పెనములో కాచి, దిమ్మలు చేయుదుము. బెల్లపు దిమ్మ ఎంత దూరమైనను పోవును. ఉదజని చెరకురసమువంటిది. వాయువులన్నింటిలోను తేలికయైనది, సున్నకు దిగువ 253 డిగ్రీల చలికి దింపినగాని ద్రవము కాదు, చిన్న సందు దొరకిన జారిపోవును. దానిని అమోనియాగా మార్చినచో సున్నకు దిగువ 33 డిగ్రీలకే ద్రవమై ఓడలలో ప్రయాణము చేయును. అమోనియాయే దాని బెల్లము. కనుక విద్యుత్తు చేరు చోటు, నీరు దొరకు చోటు, వాడుకొను కర్మాగారము, ఎగుమతిచేయు రేవు – ఈ నాలుగును దగ్గరనుండవలెను. ఈ కారణముననే 2025 అక్టోబరులో గుజరాతులోని దీనదయాళ్ రేవును, తమిళదేశములోని తూత్తుకుడి చిదంబరనార్ రేవును, ఒడిశాలోని పారదీప్ రేవును ప్రభుత్వము హరిత ఉదజని కేంద్రములుగా గుర్తించినది.

ఇక మన పూడిమడక. ఎన్.టి.పి.సి. గ్రీన్ ఎనర్జీ సంస్థ అచట 1,200 ఎకరములలో ఈ కేంద్రమును నిర్మింప సంకల్పించినది. ఆ తావున పూర్వము బొగ్గుతో విద్యుత్తు తీయు 4,000 మెగావాట్ల కర్మాగారము కట్టదలచిరి. బొగ్గుకు మారుగా ఉదజని వచ్చుట కాలము తెచ్చిన మార్పు. మొత్తము పెట్టుబడి సుమారు 1,85,000 కోట్ల రూపాయలు. 20,000 మెగావాట్ల సౌర, పవన విద్యుత్తు. దినమునకు 1,500 టన్నుల ఉదజని. దానినుండి దినమునకు 7,500 టన్నుల మెథనాల్, యూరియా, విమాన ఇంధనము మొదలగునవి. ఇవి ప్రధానముగ ఎగుమతికే యని ప్రకటన.

ఈ అంకెలు విని నోరు తెరచి ఊరకుండవలదు. బడిలో నేర్చిన గుణకారముతో వానిని మనము కొలువవచ్చును. అరుగుమీద మేమట్లే కొలిచితిమి.

మొదటిది నీరు. కిలో ఉదజనికి 9 లీటర్ల మంచినీరు విడిపోవును. 1,500 టన్నులకు దినమునకు 1 కోటి 35 లక్షల లీటర్లు. ఎకరము వరికి పంటకాలమంతటికి నాలుగడుగుల లోతు నీరు పట్టునని లెక్కించినచో, ఇది దాదాపు మూడెకరముల పంటనీరు. అనగా ఏటా సుమారు వేయి ఎకరముల వరికి సరిపోవు నీరు. యంత్రములను చల్లార్చుటకు పట్టునది ఇందు చేరలేదు. ఈ నీటిని సముద్రమునుండియే తీసి ఉప్పు వేరుచేసినచో మన చెరువులకు, బోరుబావులకు భయము లేదు. కాని నూరు బిందెల సముద్రపు నీటికి నలుబది బిందెల మంచినీరు వచ్చి, అరువది బిందెల చిక్కని ఉప్పునీరు మిగులును. దానిని సముద్రముననే విడువవలెను. ఒడ్డున విడిచెదరా, లోతునకు గొట్టమువేసి చెదరునట్లు విడిచెదరా? చేపలు పిల్లలుపెట్టు తావునకు ఆ గొట్టము ఎంతదూరము? నా శిష్యు డడిగిన “మా వేట సంగతేటి” అను ప్రశ్న ఇక్కడనే యున్నది. అది పామరుని ప్రశ్న కాదు. ఇంజనీరులు సమాధానము చెప్పవలసిన ప్రశ్న.

రెండవది విద్యుత్తు. కిలోకు 50 యూనిట్ల లెక్కను దినమునకు 7 కోట్ల 50 లక్షల యూనిట్లు. సూర్యుడు రాత్రి యుండడు. గాలి అన్నివేళల వీవదు. అందుచేత పగటి విద్యుత్తుతో నీటిని కొండమీది జలాశయమునకు ఎక్కించి, రాత్రి దింపి మరల విద్యుత్తు తీయు ఏర్పాట్లు కావలెను. నంద్యాల జిల్లా పిన్నాపురము వద్ద 1,680 మెగావాట్ల అట్టి నిర్మాణము కలదు. లోటు వచ్చినప్పుడు బొగ్గు విద్యుత్తును వాడినచో హరితమను పేరు నిలువదు. కనుక రాత్రి విద్యుత్తు ఎచటినుండి వచ్చునని అడుగవలెను.

మూడవది భూమి. ఒక మెగావాటు సౌరఫలకములకు సుమారు నాలుగైదు ఎకరములు పట్టును. 20,000 మెగావాట్లును సౌరమే యైనచో ఎనుబదివేలనుండి లక్ష ఎకరములు కావలెను. అవి పూడిమడకలో లేవు. దూరపు మెట్టభూములలోని వారికి ఈ ప్రసంగము చేరినచో వారికొక మాట: కర్మాగారము తీరమున నున్నను, దాని పొలము మీ ఊర నుండవచ్చును. కౌలు ఎన్నియేండ్లు, ఎన్నియేండ్ల కొకసారి పెరుగును, గడువు తీరినపిదప ఫలకములు తొలగించు బాధ్యత ఎవరిది, భూమిలేని కూలివానికేమి, పశువుల మేతకేమి – ఇవి పత్రము వ్రాయకముందు అడుగవలసిన మాటలు.

నాలుగవది క్షేమము. ఉదజనికి రంగు లేదు, వాసన లేదు. పగటివేళ దాని మంట కంటికి కానరాదు. 1937 మే 6వ తేదీని అమెరికాలో హిండెన్‌బర్గ్ అను ఉదజని విమానము కాలి 36 మంది మరణించిరి. అయితే అది మిక్కిలి తేలిక గనుక త్వరగా పైకి పోవును. అమోనియా అట్లు కాదు. కండ్లకు, ఊపిరితిత్తులకు అపాయకరము. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖ చెంత వెంకటాపురమున విషవాయువు వ్యాపించిన సంగతియు, 2024 ఆగస్టు 21వ తేదీని అచ్యుతాపురమున ఔషధ కర్మాగారములో 17 మంది మరణించిన సంగతియు మనము మరువలేము. అవి ఉదజని వలన జరిగినవి కావు. కాని కర్మాగారపు గోడ ప్రక్కన కాపురముండువారికి ప్రమాదఘంట యెట్లు మ్రోగును, ఏ దారిని పోవలెను అనునవి ముందుగా తెలియవలెనని అవి నేర్పినవి. అమోనియా వెలువడినచో గాలి వీచు దిక్కున పరుగెత్తరాదు. గాలికి అడ్డముగ ప్రక్కకు తొలగి, తడిగుడ్డ ముక్కున పెట్టుకొనవలెను. ఈ చిన్న సంగతిని సంవత్సరమునకు రెండుమారులు ఊరంతటికి అభ్యాసము చేయించుమని కోరుట మన హక్కు.

ఐదవది కొనువాడు. చేసినది అమ్ముడుపోనిచో పెట్టుబడియు నిలువదు, ఉద్యోగములు నిలువవు. విదేశములు కొనునని నమ్మియుండుట ఒక మార్గము. స్వదేశముననే కొనుట రెండవది. 2025లో 13 ఎరువుల కర్మాగారములకు ఏటా 7,24,000 టన్నుల హరిత అమోనియా సమకూర్చుటకు వేలములు జరిగినవి. ఇది మంచి ఆరంభము. మన తీరమున చేసిన అమోనియా మన రైతు పొలమునకు చేరిననాడు ఈ కేంద్రము మనది యను మాటకు అర్థముండును.

ఈ ప్రశ్నలు ఎవరినడుగవలెను? 2006 సెప్టెంబరు 14వ తేదీ పర్యావరణ ప్రకటన ననుసరించి, పెద్ద కర్మాగారములకు అనుమతి యిచ్చుటకు ముందు ప్రజాభిప్రాయ సేకరణ సభ జరుగవలెను. సభకు కనీసము 30 దినములు ముందుగా పత్రికలలో ప్రకటింపవలెను. కర్మాగారము వలన కలుగు మార్పులనుగూర్చిన నివేదిక సారాంశము స్థానికభాషయందును ఉండవలెను. కలెక్టరుగాని, తగిన హోదాగల వారి ప్రతినిధిగాని అధ్యక్షత వహింపవలెను. చెప్పిన మాటలన్నియు వ్రాసికొని, సభ ముగియుటకు ముందు మన భాషలో చదివి వినిపింపవలెను. కొన్ని పారిశ్రామికవాడలలోని కర్మాగారములకు ఈ సభనుండి మినహాయింపు కలదు. కనుక మనకది వర్తించునో లేదో ముందుగనే కనుగొనవలెను.

నేనట్టి సభలు కొన్ని చూచినవాడను. కొందరు కండువాలు ఊపి జయజయధ్వానములు చేయుదురు; కొందరు కుర్చీలు విసరుదురు. ఇరువురి మాటయు కాగితమున ఎక్కదు. కాగితమున ఎక్కునది తెలిసి అడిగిన ప్రశ్న మాత్రమే. ఆ సారాంశమును ముప్పది దినములలో చదివి, ఊరివారికి చదివి వినిపించి, పది ప్రశ్నలు వ్రాసి, చదువగలవాని చేత సభలో చదివించుట గ్రామపెద్దలు చేయదగిన పని. చదువు వచ్చినవారు చదువురానివారికి అప్పుపడి యున్నారు. ఆ అప్పు తీర్చుకొను సమయమిది.

ఈ పరిశ్రమ వలదని నేననుటలేదు. బొగ్గుపొగ తగ్గవలెను, మనదేశము 2070 నాటికి ఆ భారమును లేకుండ చేసికొందునని లోకమునకు మాటయిచ్చినది. తుపానుల బలము, ఎండల తీవ్రత హెచ్చుచుండగా తీరవాసులకంటె ఆ మాట ఎవరికి ముఖ్యము? కాని దేశమునకు మేలగు పని ఊరికి కీడు కానవసరము లేదు. అడిగినచో రెండును పొసగును. అడుగనిచో ఎవరును మనకై అడుగరు.

రెండు నెలలకు నా శిష్యుని మరల కలిసికొంటిని. రేవున వల బాగుచేసికొనుచున్నాడు. ఇసుకలో కూర్చుండి, ఆనాడు నేను తెలియక కథ చెప్పితినని ఒప్పుకొని, ఇప్పుడు మీకు చెప్పినదంతయు వానికి చెప్పితిని. వాడు చివరివరకు విని, “అయితే మేస్టారూ, ఆ గొట్టం ఎక్కడేత్తారో మీకూ తెలీదన్నమాట” అనెను.

“తెలియదు నాయనా” అంటిని. “అదే మనము అడుగవలసినది.”

“ఆ మాట ముందే అంటే బాగుండేది” అని వాడు నవ్వెను. వాని కుమారుడు ఐ.టి.ఐ.లో విద్యుత్ పని నేర్చుకొనుచున్నాడు. సభ జరిగిననాడు ప్రశ్నలకాగితము ఆ పిల్లవాడు చదువవలెనని మేమిరువురము నిశ్చయించుకొంటిమి. వ్రాసిపెట్టుట నా వంతు. అక్షరదోషములు లేకుండ వ్రాయుట నాకు తెలిసిన విద్యయే గదా.

మీ మీ ఊళ్ళలోను అట్టి కాగితమొకటి సిద్ధమగుగాక. సెలవు.